తీగ మార్చాక పాట మారింది, అల్లుడేమో నవ్వుతున్నాడు

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఉంటున్నాం. చిన్నప్పట్నుంచీ పాటల పిచ్చి. రిటైరయ్యాక మంచి యాంప్లిఫైరు, నిలువెత్తు స్పీకర్లు కొనుక్కున్నాను. ఈ మధ్య 18 వేలు పెట్టి యాంప్లిఫైరుకి గోడ సాకెట్ నుంచి కరెంటు తెచ్చే పవర్ కార్డు, 14 వేలు పెట్టి స్పీకర్ తీగలు మార్చాను. మార్చిన రోజే తేడా తెలిసింది. గొంతు ముందుకొచ్చింది, వెనకాల వీణ విడిగా వినిపించింది. సంక్రాంతికి వచ్చిన మా అల్లుడు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. "మావయ్య గారూ, ఇది కరెంటు తీగ, తాయెత్తు కాదు, తేడా రావడం అసాధ్యం" అని అందరి ముందూ నవ్వేశాడు. నలభై ఏళ్లుగా వింటున్న నా చెవుల్ని నమ్మాలా, ఆయన చదువుని నమ్మాలా? షాపు వాళ్లు కరెంటుని శుభ్రం చేస్తుందంటూ 45 వేల పవర్ కండిషనర్ కూడా పెట్టుకోమంటున్నారు. 14 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారట. 200 గంటలు నడిచాక అసలు సత్తా బయటపడుతుందట. కొనమంటారా?

జవాబు: కండిషనర్ ఇప్పుడే కొనకండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

అల్లుడితో వాదనలో నెగ్గిన మామగారు మన ఉత్తరాంధ్రలో ఎవరైనా ఉన్నారేమో నాకు తెలీదు. ఉన్నా ఆ పూట భోజనం సయించి ఉండదు. అందుకని మిమ్మల్ని గెలిపించే పని పెట్టుకోను. ఆయన్నీ గెలిపించను.

మీ ఉత్తరంలో రెండు మాటలు కలిసిపోయాయి. ఒకటి, తేడా వినిపించింది. రెండు, అది తీగ వల్ల వచ్చింది. మొదటిది మీ సొంతం. తలనొప్పిగా ఉందన్న మనిషితో "లేదు, నీకు నొప్పి లేదు" అని ఏ డాక్టరూ అనడు కదా, అలాగే మీకు వినిపించలేదని చెప్పే హక్కు ఏ ఇంజినీరుకీ లేదు. కానీ తలనొప్పి ఎందుకొచ్చిందో చెప్పమంటే రోగి మాట ఒక్కటే చాలదు. మీ అల్లుడు గారు రెండో మాటని కొట్టేయబోయి మొదటిదాన్నీ కొట్టేశారు. మీకు మండింది అక్కడే.

నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ముప్పై అయిదేళ్లు మైకు సెట్లు అద్దెకిచ్చాను, యాంప్లిఫైర్లు బాగుచేశాను. నా చెవుల మీద నాకు మీకంటే ఎక్కువ నమ్మకం ఉండేది. ఒక రాత్రి అది కాస్త వదిలింది.

గుళ్లో హరికథ. మైకుల సౌండ్ సర్దే మిక్సర్ దగ్గర నేనే కూర్చున్నాను. హరిదాసు గారు కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, మెళ్లో దండతో వచ్చి రెండు మాటలు పలికి, నా వైపు తిరిగి "బాబూ, గొంతు పలచగా ఉంది, కాస్త గంభీరం పెంచు" అన్నారు. బాస్ నాబ్ కొంచెం తిప్పాను. నాకే స్పష్టంగా తెలిసింది, గొంతు నిండింది. ఆయన మళ్లీ పలికి తల ఊపారు. "ఇంకొంచెం." ఇంకొంచెం తిప్పాను. "ఆఁ, అదీ!" ముందు వరసలో కూర్చున్న పెద్దలూ బాగుందన్నట్టు తలలాడించారు. అప్పుడు మా కుర్రాడు చెవి దగ్గరకొచ్చి మెల్లిగా, "గురువుగారూ, అయ్యగారి మైకు నాలుగో దాంట్లో ఉందండి. మీరు తిప్పుతున్నది మూడోది" అన్నాడు. మూడోదాంట్లో ఏ తీగా లేదు. ఖాళీ. నేను రెండుసార్లు తిప్పాను, రెండుసార్లూ మార్పు విన్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కార్యక్రమం పూర్తిచేశాను. హరిదాసు గారు వెళ్తూ వెళ్తూ మైకు బ్రహ్మాండం అన్నారు.

ఇది మోసం కాదు, చెవుడూ కాదు. వినడమనేది చెవి ఒక్కటే చేసే పని కాదు, అంతే. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. మనిషి పెదవులు "గ" అంటున్నట్టు చూపిస్తూ, శబ్దం మాత్రం "బ" వినిపిస్తే, చాలామందికి "ద" లాంటిది వినిపిస్తుంది. మీ మనవడి ఫోన్‌లో వీడియో దొరుకుతుంది, చూడండి. ఇందులో గమ్మత్తు ఏంటంటే, కిటుకు తెలిశాక కూడా ఆగదు. నాకు తెలుసు, అయినా "ద" అనే వినిపిస్తుంది. కళ్లు మూసుకోగానే "బ" వచ్చేస్తుంది. కాబట్టి "నేను అలా మోసపోయే మనిషిని కాదు" అన్న మాట ఈ విషయంలో ఎవరికీ పనికిరాదు. పవర్ కార్డు ఎంత లావుగా ఉందో, దాని మీద నేత ఎంత మెరుస్తోందో, 18 వేల బిల్లు ఏ జేబులో ఉందో, ఇవన్నీ పాటతో పాటే మీ లోపలికి వెళ్లాయి.

మరి నలభై ఏళ్ల అనుభవం గాలికి పోయిందా? లేదు. కాకపోతే అనుభవం ఎక్కడ పదునెక్కుతుందో చూడాలి.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే చోట ఎప్పుడైనా ఓ పూట కూర్చోండి. పనస మొద్దుని తొలుస్తూ తొలుస్తూ మధ్యలో వేలి కణుపుతో తడతారు, వింటారు, మళ్లీ ఉలి పెడతారు. ఆ తట్టుడులో మీకూ నాకూ ఏమీ తెలీదు. వాళ్లకి తెలుస్తుంది. ఎందుకంటే ఇవాళ తప్పు విన్నా, వీణ పూర్తయి తీగలు కట్టిన రోజున ఆ తప్పు తిరిగొచ్చి ముందు నిలబడుతుంది. అలా ఎన్నిసార్లు నిలబడితే ఆ చెవి అంత తయారైంది! మా ఊళ్లో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల సంగతీ అదే. హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, 1936 నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ద్వారం వారికి చూపు మందం, కానీ వయొలిన్ మీద వేలు వెంట్రుకవాసి జరిగితే పట్టేసేవారంటే ఎవరూ ఆశ్చర్యపోరు. తంబురా పక్కనే మోగుతూ ఉంటుంది. తప్పు పడితే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ నలభై ఏళ్లు చూడండి. గాయనిది జలుబు గొంతా కాదా, రికార్డింగు పాతదా కొత్తదా, ఈ పాట మామూలుగా ఎలా ఉంటుంది, ఇవి మీరు నాకంటే బాగా చెబుతారు. కానీ తీగ మార్చి "బాగుంది" అన్న రోజున, "కాదండీ, తప్పు" అని మీకు ఎవరు చెప్పారు? ఒక్కసారీ చెప్పలేదు. చెప్పే వీలే లేదు. తప్పు తిరిగిరాని చోట నలభై ఏళ్లు ఉన్నా, మొదటి ఏడాదే నలభై సార్లు గడుస్తుంది.

పెద్దవాళ్లూ ఇక్కడ తడబడ్డారు. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో వయొలిన్ పోటీలకి వచ్చిన వాళ్ల మధ్య ఒక పరీక్ష పెట్టారు. 21 మంది వాయిద్యకారులు, ఆరు వయొలిన్లు. కొత్తవి మూడు, కోట్ల విలువ చేసే పాతవి మూడు, ఆ పాతవాటిలో రెండు ఇటలీలో మూడొందల ఏళ్ల కిందట తయారైన పేరుమోసిన స్ట్రాడివేరియస్‌లు. హోటల్ గదిలో వెలుగు తగ్గించి, వాయించేవాళ్లకి వెల్డింగు కళ్లద్దాల్లాంటివి పెట్టారు. పాత చెక్క వాసన పట్టేస్తారేమోనని గడ్డం ఆనించే చోట సెంటు చుక్క కూడా రాశారు! ఎక్కువమందికి నచ్చింది ఒక కొత్త వయొలిన్. అందరికంటే తక్కువ నచ్చినది ఒక స్ట్రాడివేరియస్. జీవితమంతా వయొలిన్ మెడ కింద పెట్టుకుని బతికినవాళ్లు వాళ్లు. వాళ్ల చెవులు బాగానే పనిచేశాయి, ఏది మంచిదో ఎంచుకున్నారు. ఏది పాతదో మాత్రం చెప్పలేకపోయారు.

ఇంతవరకూ మీ అల్లుడు గారికి చదివి వినిపిస్తే సంబరపడతారు. ఇక్కడ ఆపకండి, ఇంకాస్త చదవండి.

ఒకప్పుడు వీణ మాస్టారొకరు నా దగ్గరికి యాంప్లిఫైరు తెచ్చారు. "పెద్దగా పెడితే బాగుంటుంది నాయనా. రాత్రిపూట చిన్నగా పెట్టుకుంటే, స్వరం సన్నబడి తెగిపోయే చోట గరగరమంటోంది." నేను బెంచి మీద పెట్టి ఫుల్ పవర్‌లో కొలిచాను. డిస్టార్షన్, అంటే శబ్దం వికారపడటం, ఒక శాతంలో చిన్న ముక్క. "బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ" అని పంపేశాను. వారం తిరక్కుండా మళ్లీ తెచ్చారు. మళ్లీ కొలిచాను, మళ్లీ పంపాను. రెండోసారి నేను కాస్త నవ్వాను కూడా, మీ అల్లుడు గారిలాగే.

మూడోసారి ఆయన పట్టు పట్టి షాపు మూసే వేళకి వచ్చి, ఫ్యాను ఆపించి, వీధిలో రద్దీ తగ్గేదాకా కూర్చోబెట్టారు. వీణ క్యాసెట్టు పెట్టి, బాగా చిన్న సౌండ్‌లో, "ఇదిగో, ఇక్కడ" అని వేలెత్తారు. ఉంది. తీగ మోత ఆరిపోయే చివర్లో ఇసక రాలినట్టు. శబ్దపు అలని తెర మీద గీసి చూపించే ఆసిలోస్కోప్ తీసి ఈసారి చిన్న సిగ్నల్ పెట్టి చూస్తే, నున్నగా ఉండాల్సిన అల సున్నా దాటే ప్రతిచోటా చిన్న మెట్టు. అలలో పై సగాన్ని ఒక ట్రాన్సిస్టరూ కింది సగాన్ని ఇంకొకటీ మోస్తాయి. ఒకరి చేతిలోంచి ఒకరు అందుకునే చోట సందు పడింది. సందు సైజు మారదు కాబట్టి పెద్ద సౌండ్‌లో అది లెక్కలోకి రాదు, చిన్న సౌండ్‌లో మాత్రం అలలో సగం అదే. ఆ సందు పడకుండా సర్దే చిన్న మరబిళ్ల, బయాస్ ప్రీసెట్ అంటారు, అరిగిపోయింది. రెండు మూడు రూపాయల వస్తువు. మార్చాను. ఆయన దగ్గర డబ్బులు తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

ఇది నా ఒక్కడి కథ కాదు. 1960ల్లో ట్రాన్సిస్టర్ యాంప్లిఫైర్లు వచ్చిన కొత్తలో కాగితం మీద అంకెలు అందంగా ఉండేవి, వినేవాళ్లు మాత్రం గరుకుగా ఉందని గోలపెట్టేవారు. కొలిచేవాళ్లు కొలవాల్సిన చోట కొలవలేదు. చెవులు ముందు చెప్పాయి, మీటర్లు తర్వాత ఒప్పుకున్నాయి. అందుకే "అసాధ్యం" అన్న మాట మీ అల్లుడు గారు అనకుండా ఉండాల్సింది. ఆయన మీ గదిలో కూర్చుని విననూ లేదు, మీటరు పెట్టి చూడనూ లేదు. పుస్తకం తెరవకుండానే మార్కులేశారు.

అయితే మాస్టారి ఫిర్యాదుకీ మీ ఆనందానికీ ఒక తేడా ఉంది. ఆయన వేలెత్తి చూపించారు: ఇంత సౌండ్‌లో, ఈ చోట, ఈ రకం గరగర. నేను ఏ యాంప్లిఫైరు పెట్టానో చెప్పకుండా పదిసార్లు వినిపించినా పదిసార్లూ పట్టుకునేవారు. "గొంతు ముందుకొచ్చింది" అన్నదాన్ని అలా పట్టుకోగలరా? పట్టుకోగలిగితే నేను మీ పక్షం.

పరీక్షకి ముందు, అసలు మీ ఇంట్లో ఏం మారి ఉండొచ్చో చూద్దాం. నిజంగానే ఏదో మారి ఉండే అవకాశం ఉంది, అల్లుడు గారు అనుకున్నంత సున్నా కాదు.

శ్రీకాకుళానికి సముద్రం ఎంతో దూరం లేదు. ఉప్పుగాలికి పిన్నులు, సాకెట్లు మసిబారతాయి. రెండేళ్లుగా కదపని తీగని పీకి ఇంకోటి బిగించినప్పుడు, ఆ రాపిడికే లోపలి మసి చెరిగి కనెక్షన్ శుభ్రపడుతుంది. సగం వదులుగా ఉన్న స్క్రూ గట్టిపడుతుంది. ఫలితం మంచిదే, ఘనత మాత్రం కొత్త తీగ కొట్టేస్తుంది. పాత తీగనే పీకి మళ్లీ గుచ్చినా అదే జరిగేది, పైసా ఖర్చు లేకుండా. నా షాపుకొచ్చిన "రిపేర్ల"లో ఎన్ని ఇలాంటివో చెబితే నా పరువు పోతుంది.

తర్వాత మీ కుర్చీ. తీగ మార్చడానికి లేచి, వెనక్కి వెళ్లి, వంగి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. తల ఒక జానెడు అటో ఇటో జరిగి ఉంటుంది. 3,400 హెర్ట్జ్ శబ్దానికి అల పొడవు పది సెంటీమీటర్లే. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం, నేరుగా వచ్చే శబ్దం కలిసే తీరు జానెడు దూరంలో మారిపోతుంది. ఇంకొకటి సౌండ్. రవ్వంత ఎక్కువైతే మనకి ఎక్కువైనట్టు తెలీదు, బాగుపడినట్టు తెలుస్తుంది. ఫ్యాను కూడా. జనవరి రాత్రి ఫ్యాను ఆపి వింటే వెనకాల వీణ వినపడకేం చేస్తుంది? అన్నట్టు, అరవై దాటాం కదా, ఓసారి చెవుల డాక్టరు దగ్గర గులిమి తీయించుకోండి. నేను తీయించుకున్న వారం ఇంట్లో స్పీకర్లన్నీ కొత్తవైపోయాయి.

ఇక తీగ సంగతి. మీ పాతది ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ, ఒక్కో స్పీకర్‌కి మూడు మీటర్లు అనుకుందాం. పోనూ రానూ ఆరు మీటర్లు. దాని నిరోధం 0.07 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది తగ్గించే శబ్దం డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. పవర్ కార్డుదీ అంతే. యాంప్లిఫైరు ఆ 230 వోల్టులని దించి, ఏసీని డీసీగా మార్చి, కెపాసిటర్లలో నిలవ చేసుకుంటుంది. పాటకి కావలసిన కరెంటు ఆ నిలవ లోంచి వెళ్తుంది, నేరుగా గోడలోంచి కాదు. ఇందులో మీ అల్లుడు గారి లెక్క సరైనదే. కానీ మీ పాత స్పీకర్ తీగ కాలింగ్ బెల్లుకి వాడే సన్నదైనా, మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఉన్నా నా లెక్క చెల్లదు. చూసి రాయండి.

పరీక్ష ఇలా పెట్టుకోండి. ముందు స్పీకర్ తీగలతో చేయండి, సులువు. ఫోన్ నుంచి 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులకి పెట్టి, స్పీకర్ వెనక పిన్నుల దగ్గర కొలవండి. పాత తీగతో, కొత్త తీగతో వచ్చే వోల్టులు ఒక శాతం లోపు కలవాలి. ఈ పని అల్లుడు గారికి అప్పగించండి, వాళ్లకి మీటరు పట్టుకుంటే హుషారు. తర్వాత పాత చీర ఒకటి అడ్డంగా కట్టండి, తీగ కనపడకూడదు. మీ ఆవిడ వంటింట్లో రూపాయి బిళ్ల ఎగరేస్తారు. బొమ్మ పడితే కొత్తది, బొరుసైతే పాతది. కాగితం మీద రాసుకుని, మీరు గది బయట ఉండగా, యాంప్లిఫైరు ఆపి తీగ మారుస్తారు. అదే తీగ మళ్లీ పడినా సరే పీకి మళ్లీ బిగించాలి. లేకపోతే ఎంత సేపు పట్టిందో చూసి మీరు కనిపెట్టేస్తారు. మార్చాక ఆవిడ ఇంకో గుమ్మం గుండా వెళ్లిపోవాలి. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ మొహం చదవడం మీకు బాగా వచ్చే ఉంటుంది. కుర్చీ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. వినేది ఒకే పాట, ఒకే ముక్క. ఎంతసేపైనా వినండి, తొందర లేదు. ఒక సాయంత్రం అయిదుసార్లు, మర్నాడు అయిదుసార్లు.

పదికి తొమ్మిది సరిగ్గా చెబితే నేను టోపీ తీస్తాను. ఊరికే ఊహించి చెప్పేవాళ్లకి తొమ్మిది గానీ పది గానీ రావడం 1,024 సార్లకి 11 సార్లే. అప్పుడు నవ్వాల్సింది మీరు, కారణం వెతకాల్సింది అల్లుడు గారు. అయిదు, ఆరు వస్తే, లోకంలో తేడా లేదని కాదు, మీ గదిలో మీ చెవికి ఆ 14 వేలు అందడం లేదని. ఏడెనిమిది వస్తే పాతవి పక్కనపెట్టి కొత్తగా ఇంకో పది చేయండి. తర్వాత పవర్ కార్డుతో ఇదే చేయండి.

మీ షాపు వాళ్ల 200 గంటల మాట ఒకటి మిగిలింది. రోజుకి రెండు గంటలు వింటే అది వంద రోజులు. వెనక్కిచ్చే గడువు 14 రోజులు. ఈ లెక్క మీరు బ్యాంకులో ఎంతమందికో చెప్పి ఉంటారు. స్పీకర్ కోను చుట్టూ ఉండే రబ్బరు వాడగా వాడగా కొంచెం సడలుతుంది, అది నిజం. రాగి తీగకి సడలేదేమీ లేదు. ఆ వంద రోజుల్లో అలవాటు పడేది మీరు.

కండిషనర్ బదులు ఈ వారం ఒక పని చేయండి. రాత్రి పాట ఏదీ లేకుండా సౌండ్ నాబ్ మామూలుగా వినే చోట పెట్టి, స్పీకర్‌కి చెవి ఆనించండి. సన్నగా "గుంయ్" అని వినిపిస్తే హమ్ ఉన్నట్టే. దానికి 45 వేల పెట్టె అక్కర్లేదు, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. మన ఇళ్లలో ఎర్త్ గొయ్యి ఒకసారి ఉప్పు, బొగ్గు వేసి పూడ్చాక ఎవరూ దాని మొహం చూడరు. ఎండాకాలానికి అది ఎండిపోతుంది. రెండు బిందెల నీళ్లు పోసి మర్నాడు మళ్లీ వినండి. హమ్ అలాగే ఉంటే, టీవీ కేబుల్ లాంటివి యాంప్లిఫైరుకి కలిపి ఉన్నాయేమో చూసి ఒక్కొక్కటీ తీసి వినండి.

ఆ పది వరసల కాగితం, ఆవిడ చేతి రాతతో ఉన్నది, ఫోటో తీసి పంపండి. పాత తీగ ఎంత లావో కూడా రాయండి.